పందికొక్కు బాండికూట్ ఎలా అయింది: తరచుగా అడిగే ప్రశ్నలు

బాండికూట్ అనే ఇంగ్లిష్ మాట మన పందికొక్కు నుంచి వెళ్లిందని చెబితే చాలామంది ముందు నమ్మరు. నమ్మాక ప్రశ్నలు మొదలవుతాయి. ఆస్ట్రేలియాలో ఉన్న బంధువులు ఒకటి అడుగుతారు, వీడియో గేమ్ ఆడే పిల్లలు మరొకటి, అనువాదాలు చేసే మిత్రులు ఇంకొకటి. తిరిగి తిరిగి అవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మన ఊళ్లో ఉన్నప్పుడు

ఇది నిజంగా తెలుగు మాటేనా, లేక గర్వం కొద్దీ మనవాళ్లు చెప్పుకునేదా?

నిజంగా తెలుగు మాటే. ఈ మాట చెబుతున్నది మన పండితులు మాత్రమే కాదు. ఆక్స్‌ఫర్డ్, మెరియం వెబ్‌స్టర్, కాలిన్స్ నిఘంటువులు మూడూ బాండికూట్ దగ్గర తెలుగు 'పందికొక్కు'నే మూలంగా చూపిస్తాయి. 1886లో హెన్రీ యూల్, ఎ.సి. బర్నెల్ కలిసి కూర్చిన ఆంగ్లో ఇండియన్ నిఘంటువు హాబ్సన్ జాబ్సన్ కూడా అదే చెప్పింది. పైగా చుట్టుపక్కల భాషల్లో ఈ జంతువుకు పేర్లు పూర్తిగా వేరు. కన్నడంలో హెగ్గణ, తమిళంలో పెరుచ్చాళి, హిందీలో ఘూస్. వీటిలో ఏదీ బాండికూట్‌కు దగ్గరగా కూడా వినిపించదు. సంస్కృతం ఊసే లేకుండా నేరుగా పల్లె తెలుగులోంచి ఇంగ్లిష్‌లోకి పోయిన మాటలు చాలా తక్కువ. అందుకే నాకు ఈ మాటంటే ఇంత ఇష్టం.

పంది సరే, కొక్కు అంటే ఏమిటి?

కొక్కు అంటే పెద్ద ఎలుక. ఇప్పుడు ఆ మాట విడిగా పెద్దగా వినిపించడం లేదు, పందికొక్కులోనే మిగిలింది. కావ్యభాషలో మాత్రం వినాయకుడికి 'కొక్కురౌతు' అనే పేరు ఉంది. రౌతు అంటే స్వారీ చేసేవాడు. ఎలుకనెక్కి తిరిగే దేవుడికి అంతకంటే ముచ్చటైన అచ్చతెలుగు పేరు నాకు తెలియదు.

తమిళంలో కొక్కు అంటే కొంగ. మరి ఇది తమిళం నుంచి వచ్చి ఉండకూడదా?

తమిళ కొక్కు కొంగే. తెలుగులోనూ కొంగకు 'కొక్కెర' అనే మాట ఉంది. కానీ ఎలుక అర్థంలో వాడే తెలుగు కొక్కుకూ ఆ పక్షికీ సంబంధం లేదు. వినడానికి ఒకేలా ఉంటాయి, అంతే. తమిళులు పందికొక్కును పెరుచ్చాళి అంటారు. మద్రాసులో ఉన్న ఇంగ్లిష్‌వాళ్లు ఈ జంతువు పేరును తమిళుల నోట నేర్చుకుని ఉంటే ఈరోజు నిఘంటువుల్లో మనం మరో మాట చూసేవాళ్లం.

ఎలుకకు పంది పేరెందుకు పెట్టారు?

పందికొక్కును ఒక్కసారి దగ్గరగా చూసినవాళ్లు ఈ ప్రశ్న అడగరు. మందపాటి మెడ, మొద్దు మూతి, వీపు మీద ముతకగా నిక్కబొడుచుకునే పొడవాటి వెంట్రుకలు. మూలకు తరిమితే ఆ వెంట్రుకలు లేపి గుర్రుమంటుంది. కిచకిచలాడే ఇంటి ఎలుక గొంతుకూ దీని గొంతుకూ పోలికే లేదు. ఇక తవ్వడంలో కూడా పంది బుద్ధే. పొలం గట్టు కింద బొరియ తవ్విందంటే బయట మట్టి కుప్పగా పడి ఉంటుంది, ఆ కుప్పను చూసే రైతు బొరియ జాడ పట్టేస్తాడు. గట్టు డొల్ల అయిపోయి, పెట్టిన నీళ్లు రాత్రికి రాత్రి పక్క మడిలోకి దిగిపోతే మొదటి అనుమానం దీని మీదికే పోతుంది.

పందికొక్కు అంటే బాగా తిని పెరిగిన ఎలుకేనా?

కాదు, జాతే వేరు. జీవశాస్త్రంలో దీని ప్రజాతి పేరు బాండికోటా. అందులో మూడు జాతులు ఉన్నాయి. మనం ఊళ్లలో మురికికాలువల దగ్గర, గోడల వారన చూసే పెద్దది బాండికోటా ఇండికా. తోక కాకుండా ఒళ్లే అడుగు దాకా ఉండవచ్చు, కిలో దాటి తూగేవీ ఉంటాయి. వరిచేలల్లో కంకులు కొరికి బొరియలోకి లాక్కుపోయి దాచుకునేది ఎక్కువగా చిన్న పందికొక్కు, బాండికోటా బెంగాలెన్సిస్. మూడోది సావిలీ, బర్మా నుంచి తూర్పుగా ఉండే దేశాల్లోది. ఇంటి ఎలుక ఎంత తిన్నా పందికొక్కు కాలేదు.

చిన్న పందికొక్కు దాచుకున్న గింజలు కొందరికి తిండి కూడా అయ్యాయి. నెల్లూరు వైపు యానాదులు బొరియలు తవ్వి ఎలుకల్ని పట్టడంలో ఆరితేరినవాళ్లు. పట్టిన జంతువుతో పాటు లోపల దొరికిన ధాన్యమూ వాళ్లదే. ఏ కన్నం పాతది, ఏది కొత్తది, లోపల జంతువు ఉందా లేదా అన్నది మట్టి తడిని చూసి చెప్పే విద్య వాళ్లది. ఈ జంతువు గురించి పుస్తకాల్లో ఉన్నదానికన్నా వాళ్ల చేతుల్లో ఉన్న జ్ఞానం ఎక్కువ.

## ఇంగ్లిష్‌వాళ్ల చెవిన పడ్డాక

ఇంగ్లిష్‌వాళ్లకు ఈ మాట ఎక్కడ దొరికింది?

కోరమాండల్ తీరంలో, అంటే మన తూర్పు తీరంలో. ఈస్టిండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో వర్తకశాల పెట్టింది. 1639లో మద్రాసుకు స్థలం ఇచ్చింది దామెర్ల నాయకులు. ఆ పట్నంలో తొలినాళ్లలో కంపెనీకి సరుకు సమకూర్చినవాళ్లలో బేరి తిమ్మన్న, కాశీ వీరన్న వంటి తెలుగు వర్తకులు ముఖ్యులు. 1765 తర్వాత ఉత్తర సర్కారులు కూడా కంపెనీ చేతికి వచ్చాయి. అంటే దాదాపు రెండు వందల ఏళ్లు తెలుగు నౌకర్లు, దుబాసీలు, కూలీలు, సిపాయిల మధ్య ఆ తెల్లవాళ్లు బతికారు.

కంపెనీ బతుకంతా సరుకు నిల్వలతోనే. బట్టల మూటలు, ధాన్యం, తోళ్లు. అవి ఉన్నచోట పందికొక్కు ఉంటుంది. ఇంగ్లిష్‌లో 'గోడౌన్' అనే మాట మలయ భాష నుంచి వచ్చిందంటారు, దాని వెనక మన 'గిడ్డంగి' ఉండవచ్చునని నిఘంటువులు అంటాయి. గిడ్డంగి, పందికొక్కు రెండూ ఒకే తలుపులోంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లి ఉంటే అందులో వింతేమీ లేదు.

పుస్తకాల్లో మొదట ఎప్పుడు కనిపించింది?

హాబ్సన్ జాబ్సన్ చూపించిన ఉదాహరణల్లో ఈ మాట ఉన్న పాతది 1789 నాటిది. హైదర్ అలీతో జరిగిన యుద్ధంలో పనిచేసిన ఇన్నిస్ మన్రో అనే సైనికాధికారి కోరమాండల్ తీరంలోని యుద్ధాల గురించి రాసిన పుస్తకం అది. అందులో ఆయన బాండికూట్‌ను 'కస్తూరి ఎలుక' అని కూడా అంటూ, దాని బాధ ముఖ్యంగా దాని కంపు వల్లనే అని రాశాడు.

ఆ వాక్యం దగ్గర తెలుగు పాఠకుడు ఆగిపోతాడు. మనకు కంపు అనగానే గుర్తొచ్చేది చుంచు. తెల్లవాళ్లు కస్తూరి ఎలుక అన్నది కూడా దాన్నే. మన్రో రెండు జంతువుల్ని ఒకటిగా కలిపేశాడని నా అభిప్రాయం. అంటే ఈ మాట ఇంగ్లిష్ పుస్తకంలోకి ఎక్కిన తొలిరోజుల్లోనే అర్థం పక్కకు జరగడం మొదలైంది. తర్వాత జరిగినదంతా ఈ జారుడులోని తర్వాతి మెట్లే.

'ప' ఎందుకు 'బ' అయింది? 'కొక్కు' ఎందుకు 'కూట్' అయింది?

ఇంగ్లిష్‌వాళ్లు మాట మొదట్లో 'ప' పలికితే దాని వెంట గాలి వస్తుంది, మన 'ఫ'కు దగ్గరగా. పెదాల ముందు సన్నటి కాగితం పెట్టుకుని వాళ్లలాగా 'పెన్' అని చూడండి, కాగితం కదులుతుంది. మనలాగా 'పంది' అని చూడండి, కదలదు. గాలి లేని మన 'ప' వాళ్ల చెవికి 'బ'లా వినబడుతుంది. అందుకే పంది బండి అయింది. మెత్తటి 'ద' వాళ్ల భాషలో లేదు కాబట్టి అది 'డ' అయింది.

'కూట్' సంగతి వేరు. ఆ పేరుతో ఇంగ్లిష్‌లో ఒక నీటిపక్షి ముందు నుంచే ఉంది. తెలియని మాటను తెలిసిన మాటలోకి ఒంచుకోవడం అందరూ చేసే పనే. మనం హాస్పిటల్‌ను ఆసుపత్రి చేసుకోలేదా! పాత రాతల్లో బాండికోట్ అనే రూపం కూడా కనిపిస్తుంది కాబట్టి 'కూట్' మీద స్థిరపడడానికి కొంతకాలం పట్టిందని తెలుస్తుంది.

అంతకుముందు వచ్చిన విదేశీయులు ఈ జంతువును చూడలేదా?

చూసినట్టే ఉంది, పేరు మాత్రం రాయలేదు. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా దేవగిరి కోట చెరసాలల గురించి రాస్తూ అక్కడి ఎలుకలు పిల్లులకంటే పెద్దవనీ, వాటిని చూసి పిల్లులే పారిపోతాయనీ చెప్పాడు. దాదాపు అదే కాలంలో క్రైస్తవ సన్యాసి జోర్డానస్ కూడా ఈ దేశంలో నక్కలంత ఎలుకలు ఉన్నాయని రాశాడు. హాబ్సన్ జాబ్సన్ ఈ రెండింటినీ బాండికూట్ కిందే చేర్చింది. నక్కంత అనడం అతిశయోక్తే అయినా, పిల్లి వెనకాడుతుందన్న మాట మన పల్లెల్లో ఈరోజుకీ ఎవరూ కాదనరు.

బాండికోటా అనే శాస్త్రీయ నామం కూడా మన మాటేనా?

అవును. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అనే బ్రిటిష్ జంతుశాస్త్రజ్ఞుడు ఈ ప్రజాతికి బాండికోటా అని పేరు పెట్టాడు. ఇంగ్లిష్ నోట్లో నలిగిన తెలుగు మాటకు లాటిన్ తోక తగిలించాడన్నమాట. బ్యాంకాక్‌లోనో ఢాకాలోనో ఒక శాస్త్రవేత్త ఎలుకల మీద పరిశోధన పత్రం రాస్తే, మొదటి పేరాలోనే పందికొక్కు ఉంటుంది.

## సముద్రం దాటాక

ఆస్ట్రేలియాలో బాండికూట్ అంటే మన పందికొక్కేనా?

కానే కాదు. ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. ఆస్ట్రేలియా బాండికూట్ కంగారూలాగా పొట్ట దగ్గర సంచి ఉన్న జంతువు. ఎలుక కాదు, ఎలుకకు చుట్టం కూడా కాదు. సంచి జంతువుల వంశం, మిగతా పాలిచ్చే జంతువుల వంశం విడిపోయి సుమారు 16 కోట్ల ఏళ్లు అయిందని లెక్క. పందికొక్కు, మనిషి ఇద్దరూ ఈ పాయలో ఉంటే బాండికూట్ ఆ పాయలో ఉంది. అంటే వంశవృక్షంలో పందికొక్కుకు ఆస్ట్రేలియా బాండికూట్ కన్నా మనమే దగ్గరివాళ్లం.

చూడడానికి పొడుగాటి మూతి, వంగిన వీపు, వెనక కాళ్లు పెద్దవి. రాత్రిపూట ముక్కుతో, గోళ్లతో నేల తవ్వి పురుగులు, దుంపలు, పుట్టగొడుగుల లాంటివి తింటుంది. దాని సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడకుండా. కొన్ని జాతుల్లో గర్భం మోసే కాలం పన్నెండున్నర రోజులే. పాలిచ్చే జంతువులన్నిటిలో అతి తక్కువ వ్యవధుల్లో అదొకటి.

మరి దానికి మన పేరు ఎందుకు పెట్టారు?

1788లో ఇంగ్లిష్‌వాళ్లు సిడ్నీలో వలస పెట్టారు. కొద్దికాలంలోనే ఆ వలసకు కలకత్తా నుంచి సరుకు ఓడలు రావడం మొదలైంది, ఇండియాలో పనిచేసిన సైనికులు, నావికులు అటూ ఇటూ తిరిగారు. ఇండియాలో చూసిన జంతువు పేరు వాళ్ల నోట్లో ఉంది. ఎదురుగా ఎలుకలా కనిపించే, పందిలా నేల తవ్వే కొత్త జంతువు ఉంది. పేరు అతికించేశారు. 18వ శతాబ్దం ముగిసేసరికే ఆస్ట్రేలియా జంతువును బాండికూట్ అనడం మొదలైంది.

అక్కడి ఆదివాసులకు ఈ జంతువులకు తమ తమ భాషల్లో పేర్లు ఉన్నాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో నూంగార్ ప్రజలు తమ ప్రాంతపు బాండికూట్‌ను 'క్వెండా' అంటారు. ఆ పేరు ఇప్పుడు ఇంగ్లిష్‌లోనూ వాడుకలోకి వచ్చింది, నాకు అది చాలా సంతోషం. మన మాట అంత దూరం వెళ్లడం ఆనందమే, కానీ అది వెళ్లి కూర్చున్నచోట ముందే ఒక పేరు ఉండేదన్న సంగతి కూడా మనం చెప్పుకోవాలి.

పంది కాళ్ల బాండికూట్ అని ఒకటి ఉండేదట, నిజమేనా?

నిజమే. ముందు కాళ్లకు రెండేసి వేళ్లు పంది గిట్టల్లాగా ఉండేవి, అందుకే ఆ పేరు. పేరు పెట్టినవాళ్లకు బాండికూట్‌లోనే ఒక పంది ఉందని తెలియదు. తెలుగులో చెబితే 'పంది కాళ్ల పందికొక్కు' అవుతుంది. 1838లో శాస్త్రవేత్తల చేతికి వచ్చిన మొదటి నమూనాకు తోక లేదు. తోక లేని జాతి అనుకుని లాటిన్‌లో 'ఎకాడేటస్' అంటే తోక లేనిది అని పేరు పెట్టారు. నిజానికి దానికి తోక ఉంది. 20వ శతాబ్దంలో ఈ జంతువు పూర్తిగా అంతరించిపోయింది. రెండు తప్పుడు పేర్లు మిగిలాయి.

ఈస్టర్‌కు చాక్లెట్ బిల్బీలు అమ్ముతారు. అది కూడా బాండికూటేనా?

దగ్గరి చుట్టం. బిల్బీని పాత పుస్తకాల్లో 'కుందేలు చెవుల బాండికూట్' అనే రాసేవారు. బిల్బీ అనేది యువాలరాయ్ అనే ఆదివాసీ భాష మాట. బయటినుంచి తెచ్చి వదిలిన కుందేళ్లు ఆస్ట్రేలియా నేలను, అక్కడి జంతువులను బాగా దెబ్బతీశాయి. అందుకని ఈస్టర్‌కు కుందేలు బొమ్మ బదులు బిల్బీ బొమ్మ చాక్లెట్లు చేసి, జనం దృష్టిని సొంత జంతువు మీదికి తిప్పే ప్రయత్నం చేస్తున్నారు.

బెండిగో ఊరి పేరు కూడా పందికొక్కు నుంచే వచ్చిందని చదివాను. నిజమా?

అబద్ధం, దయచేసి ప్రచారం చేయకండి. ఆ పొరపాటు హాబ్సన్ జాబ్సన్‌లో కూడా ఉంది. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలోని ఆ బంగారు గనుల ఊరి పేరు బాండికూట్ నుంచి వచ్చిందని అందులో రాశారు. అసలు సంగతి వేరు. ఇంగ్లండ్‌లో విలియం అబెడ్నెగో థాంప్సన్ అనే ముష్టియోధుడు ఉండేవాడు, జనం అతన్ని బెండిగో అని పిలిచేవారు. విక్టోరియాలో ముష్టియుద్ధం బాగా చేసే ఒకాయనకు ఆ ముద్దుపేరు అంటుకుంది. ఆయన వల్ల అక్కడి వాగుకు, వాగు వల్ల ఊరికి ఆ పేరు వచ్చాయి. 1851లో బంగారం బయటపడింది, 1891లో ఊరికి ఆ పేరే అధికారికమైంది. మన మాటకు ఉన్న నిజమైన చరిత్రే కావలసినంత ఉంది, లేనిది చేర్చక్కర్లేదు.

మేం సిడ్నీలో ఉంటాం. పెరట్లో పొద్దున్నే శంకువు ఆకారంలో గుంటలు కనిపిస్తున్నాయి. ఎలుకల మందు పెట్టమంటారా?

వద్దు! ఆ గుంటలు ఎక్కువగా బాండికూట్ మూతి పెట్టి తవ్వినవే అయి ఉంటాయి. అది గడ్డి కింద పురుగుల్ని ఏరుకుంటోంది. అక్కడి సొంత జంతువులకు చట్టరక్షణ ఉంది, విషం పెడితే అది తిని బాండికూట్ చచ్చిపోతుంది. సిడ్నీలో మాన్లీ దగ్గర నార్త్ హెడ్‌లో మిగిలిన పొడుగుమూతి బాండికూట్లను ప్రమాదంలో ఉన్న గుంపుగా గుర్తించి కాపాడుతున్నారు. పిల్లిని రాత్రిపూట ఇంట్లో ఉంచండి, సందులో కారు మెల్లగా నడపండి, గుంటల్ని కాలితో పూడ్చేయండి. చాలు.

ఆ తవ్వకం వల్ల లాభం కూడా ఉంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో క్వెండాల మీద చేసిన అధ్యయనంలో ఒక్క జంతువు రోజుకు సుమారు 45 గుంటలు తవ్వుతుందనీ, ఏడాదికి దాదాపు 3.9 టన్నుల మట్టి తిరగేస్తుందనీ తేలింది. ఆ గుంటల్లో నీరు ఇంకుతుంది, ఆకు కుళ్లుతుంది, గింజ పడి మొలుస్తుంది. మన పొలంలో గట్టు తెంచే జంతువు పేరు పెట్టుకున్న ఈ జంతువు అక్కడి అడవికి దుక్కి దున్నుతోంది.

## అర్థాలు మారిన తీరు

మనం బాగా తినేవాణ్ణి పందికొక్కు అంటాం. ఆస్ట్రేలియావాళ్లు లేనివాణ్ణి బాండికూట్ అంటారట. ఎందుకింత తేడా?

జంతువు మారింది, చూసే కన్ను మారింది. మన దగ్గర పందికొక్కు రైతు కష్టం తినేది. 'గాదె కింది పందికొక్కు' అనే నానుడి అందులోంచే వచ్చింది. గాదె నిండా ధాన్యం, కింద కూర్చుని అడిగేవాడు లేకుండా తినే జంతువు. అక్కడినుంచి ఆ మాట మనుషుల మీదికి పాకింది. ప్రజల సొమ్ము 'పందికొక్కుల్లా మేస్తున్నారు' అని రాజకీయ సభల్లో, పత్రికల్లో వినని రోజు ఉండదు. ఈ తిట్టులో కోపంతో పాటు ఒక కచ్చితత్వం కూడా ఉంది. దొంగ బయటినుంచి వస్తాడు, పందికొక్కు గాదె కిందే కాపురం ఉంటుంది.

ఆస్ట్రేలియా బాండికూట్‌కు గాదెలు లేవు. ఎండిన అడవిలో ఒంటరిగా మట్టి తవ్వుకుని పురుగో దుంపో తినే చిన్న ప్రాణి అది. అందుకని అక్కడి జానపదుల మాటల్లో అది లేమికి గుర్తయింది. బాండికూట్ అంత పేద, బాండికూట్ అంత దిగులు అంటారు. వాటిలో నాకు మనసుకు పట్టింది 'కాలిపోయిన గుట్ట మీద బాండికూట్‌లా' అనే పోలిక. కార్చిచ్చు వచ్చి పోయాక తవ్వుకోడానికి ఏమీ లేక, దాక్కోవడానికి పొద కూడా లేక మిగిలిన ఒంటరి జీవి. మన భాషలో కొవ్వెక్కినవాడికి వాడే మాట, సముద్రం అవతల ఏమీ లేనివాడికి పేరైంది.

బాండికూటింగ్ అంటే ఏమిటి?

బంగాళదుంప మొక్కను పీకకుండా, పైన ఆకు కదలకుండా, పక్కనుంచి వేళ్లతో మట్టి తోడి దుంపలు లాక్కోవడం. 19వ శతాబ్దం చివరికే ఆస్ట్రేలియాలో ఈ క్రియ వాడుకలో ఉంది. మొదట్లో అది దొంగతనం. ఊరిమీద తిరిగే కూలీలు రాత్రిపూట చేలో దిగి అలా దుంపలు ఎత్తుకుపోయేవారు. పొద్దున రైతు చూస్తే చేను పచ్చగానే కనిపించేది, నాలుగు రోజులకు వాడిపోతే గాని తెలిసేది కాదు.

ఇప్పుడు అదే మాటలోంచి దొంగతనం పోయింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో పెరటితోట వేసుకునేవాళ్లు తమ మొక్క కిందినుంచి లేతదుంపలు కొన్ని ముందుగా తీసుకుని మిగతావి ఊరనివ్వడాన్ని కూడా బాండికూటింగ్ అనే అంటారు. పందికొక్కు అనే నామవాచకం ఒక క్రియగా మారి, నేరంగా బతికి, చివరికి తోటపనిగా స్థిరపడింది. ఈ మాట బతుకులో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే.

క్రాష్ బాండికూట్ గేమ్‌లో ఉన్నది ఏ బాండికూట్?

ఆస్ట్రేలియాది. నాటీ డాగ్ సంస్థ తయారుచేసిన ఆ గేమ్ 1996లో ప్లేస్టేషన్ కోసం వచ్చింది. జనానికి పెద్దగా తెలియని జంతువు కథానాయకుడు కావాలని వెతికారు. పని నడుస్తున్నప్పుడు దానికి 'విల్లీ ద వాంబాట్' అని పేరు, తర్వాత బాండికూట్ మీద స్థిరపడ్డారు. నారింజ రంగు, నీలం నిక్కరు, ఆ పళ్లు అన్నీ కల్పన. నిజం జంతువు గోధుమ రంగులో, సిగ్గుపడుతూ చీకట్లో తిరుగుతుంది. ప్రపంచంలో ఎక్కువమంది పిల్లలకు ఈ మాట తెలిసింది ఈ గేమ్ వల్లనే కాబట్టి, మీ పిల్లలు ఆడుతుంటే ఆ పేరు వాళ్ల తాతముత్తాతల పొలం గట్టు నుంచి వెళ్లిందని చెప్పండి.

మ్యాన్‌హోల్ శుభ్రం చేసే రోబోకు కూడా అదే పేరు ఎలా వచ్చింది?

అది మాత్రం మన జంతువు పేరే. కేరళలో జెన్‌రోబోటిక్స్ అనే సంస్థ 2018లో బాండికూట్ అనే యంత్రాన్ని తెచ్చింది. మురుగు గోతిలోకి దిగి, మడ్డిని తోడి పైకి తెస్తుంది. ఇప్పుడు ఎన్నో రాష్ట్రాల నగరాల్లో వాడుతున్నారు. మనుషుల్ని ఆ గోతుల్లోకి దింపడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చినా చావులు ఆగలేదు. అలాంటి పని మనిషి చేతుల్లోంచి తీసుకునే యంత్రానికి కాలువల్లో తిరిగే జంతువు పేరు పెట్టడం సరిగ్గా కుదిరింది. తిట్టుగా వాడే మాటకు ఇంత గౌరవమైన పని దొరకడం అరుదు.

## వాడేటప్పుడు

ఆస్ట్రేలియా జంతువుల వ్యాసాన్ని అనువదిస్తున్నాను. బాండికూట్‌ను పందికొక్కు అని రాయవచ్చా?

రాయకండి. మాట పుట్టుక ఒకటి, అది ఇప్పుడు చూపించే జంతువు ఒకటి. 'అంతరించిపోతున్న పందికొక్కులను కాపాడారు' అని రాస్తే గుంటూరు రైతు కాగితం పక్కన పడేస్తాడు. 2021లో విక్టోరియాలో చారల బాండికూట్‌ను 'ప్రకృతిలో అంతరించింది' అన్న జాబితా నుంచి 'ప్రమాదంలో ఉంది' అన్న జాబితాకు మార్చగలిగారు. ఏళ్ల తరబడి చేసిన పనికి దక్కిన గొప్ప ఫలితం అది. ఆ వార్త తెలుగులో సరిగ్గా చేరాలంటే 'బాండికూట్' అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట 'సంచి ఉండే చిన్న జంతువు' అని నాలుగు మాటలు చేర్చండి. ఇండియా గురించిన ఇంగ్లిష్ రచన అయితే తడుముకోకుండా పందికొక్కు అనే రాయండి. మన దేశపు ఇంగ్లిష్ పత్రికల్లో బాండికూట్ అంటే ఈనాటికీ ఈ ఎలుకే.

తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లిన జంతువుల పేర్లు ఇంకేమైనా ఉన్నాయా?

ఒకటి ఖాయంగా ఉంది: పిట్ట. రంగురంగుల రెక్కలతో, పొట్టి తోకతో అడవి నేల మీద గెంతే ఒక పక్షి జాతిని ప్రపంచమంతా 'పిట్టా' అంటుంది. 1816లో వియెయో అనే ఫ్రెంచి పక్షిశాస్త్రజ్ఞుడు ఆ పేరును శాస్త్రంలోకి తెచ్చాడు. మనకు ప్రతి చిన్న పక్షీ పిట్టే, వాళ్లకు ఆ ఒక్క కుటుంబమే పిట్టా.

రెండోది ముంగిస. ఇంగ్లిష్ 'మాంగూస్' నేరుగా మరాఠీ 'మంగూస్' నుంచి వెళ్లింది. ఆ మరాఠీ మాట వెనక తెలుగు, కన్నడ భాషల ముంగిస, ముంగిసి ఉన్నాయని భాషావేత్తలు చూపిస్తారు. కాబట్టి దాన్ని మనదని ఒక్కళ్లమే చెప్పుకోలేం, కన్నడిగులతో, మరాఠీలతో పంచుకోవాలి. పందికొక్కు, పిట్ట మాత్రం పూర్తిగా మనవే.